పసిపిల్లకు వెల కట్టే పంచాయితీ

వాడపిల్ల మీద అఘాయిత్యం జరిగిన మర్నాడే రచ్చబండ దగ్గర బేరం మొదలవుతుంది. ‘పిల్ల భవిష్యత్తు చూసుకోండ్రా’ అంటారు పెద్దమనుషులు. ఏమిటా భవిష్యత్తు? తండ్రి బాకీలో కొంత మాఫీ, పైన నాలుగు నోట్లు. తెల్లారితే ఆ తండ్రి వాళ్ళ చేలోకే కూలికి పోవాలి, అక్కరొస్తే వాళ్ళ గడపలోనే అప్పుకు నిలబడాలి. కనుక తలూపుతాడు. దీన్ని రాజీ అంటున్నారు!

రాజస్థాన్‌లో 2022 జనవరిలో ఒక మైనరు విద్యార్థినిని లైంగికంగా వేధించాడని ఉపాధ్యాయుడి మీద పోక్సో చట్టం, ఎస్సీ ఎస్టీ చట్టం కింద కేసు కట్టారు. నెల తిరిగేసరికి తండ్రి పేర స్టాంపు కాగితం మీద రాజీ తయారు. ఫిబ్రవరిలో హైకోర్టు కేసు కొట్టేసింది. కేసులో కక్షిదారులే కాని ఇద్దరు పట్టుబట్టి పైకి వెళ్ళారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు రద్దు చేసింది. ఇది ఇరువర్గాల సొంత గొడవ కాదు, రాజీ పేరుతో మాసిపోదు, విచారణ జరగాల్సిందే అంది. ఆ ఇద్దరూ ‘మనకెందుకులే’ అనుకుంటే ఆ స్టాంపు కాగితమే చివరి తీర్పయ్యేది.

మాలో పంతుళ్ళున్నారు కనుక ఈ మాట దాచం. పిల్ల పది రోజులు బడికి రాకపోతే హాజరుపట్టీలో గీత గీసి ఊరుకుంటున్నాం. వచ్చి ఏదో చెప్పబోతే ‘నువ్వక్కడికెందుకెళ్ళావు?’ అంటాం. ఇంక ఆ పిల్ల నోరు విప్పదు. విషయం తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పితీరాలని పోక్సో 19వ సెక్షను చెబుతోంది. దాచిపెట్టడం కూడా నేరమే.

మనవాళ్ళ తప్పులూ ఉన్నాయి. కారంచేడు (1985), చుండూరు (1991) అమరుల ఫోటోలు ఊరూరా అంటించాం, అది అవసరం. కానీ బతికున్న పసిపిల్ల పేరు, ఫోటో, ఆఖరికి బడి పేరు కూడా కరపత్రంలో వెయ్యకూడదు. చట్టం ఒప్పుకోదు, పిల్ల అసలే తట్టుకోలేదు. ఇంకో సంగతి. చెయ్యి వేసినవాడు మన వాడలోవాడే అయితే కులపెద్దలమే చీకట్లో కూచుని సర్దేస్తున్నాం. అక్కడ ఎస్సీ ఎస్టీ చట్టం వర్తించకపోవచ్చు, పోక్సో వర్తిస్తుంది.

పిల్లతో ఆమె నమ్మిన ఆడమనిషి ఒకరుండాలి. అందరూ మూగి పదే పదే అడగొద్దు. పిల్లను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. వాంగ్మూలం ఇంటిదగ్గరే తీసుకోమని అడగండి, యూనిఫాం లేకుండా రమ్మనండి. ‘విచారించాక కడతాం’ అని ఎస్సై అంటే, ఎస్సీ ఎస్టీ కేసులో ముందస్తు విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్పిందని గుర్తుచెయ్యండి. 1995 నిబంధనల కింద వచ్చే పరిహారం హక్కు. దానికి రాజీపడనక్కర్లేదు, సిగ్గూపడనక్కర్లేదు.

కేసు కట్టిన మర్నాడు ఆ ఇంటికి కూలి పిలుపు రాదు, ఇది ప్రతి వాడకూ తెలుసు. వెలి కూడా చట్టప్రకారం నేరమే, కానీ ఆ సాయంత్రం పొయ్యి ఎలా వెలగాలి? ఈ పక్షం వాడ మీటింగుల్లో ముందు ఈ ఒక్క సంగతి తేల్చండి: ఇంటికి ఎన్ని గిద్దల బియ్యం, ఎన్నాళ్ళు, ఎవరు పోగుచెయ్యాలి. బడిగోడ మీద 1098 నంబరు పెద్దక్షరాలతో రాయించండి.