నిద్రించే ఇంటికి కాపలా

నిప్పు లేనిదే పొగ రాదన్నది పెద్దల మాట. ఇంటిలో జరిగే అగ్నిప్రమాదాల విషయంలో దీనికి మరొక మాట చేర్చవలసి వున్నది: నిప్పు కంటే ముందు పొగయే మనిషిని చేరుతుంది. వాసన తగిలి మెలకువ వస్తుందనుకోవడం భ్రమ. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే స్పృహను హరిస్తుంది. 2025 మే 18, ఆదివారం ఉదయం, చార్మినార్ చెంత గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట అగ్నిప్రమాదం జరిగి 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. ఆ ఇంట మృత్యువు ప్రధానంగా పొగ రూపంలోనే వచ్చినది.

జూబిలీ హిల్స్ వైపు చూద్దాము. 2017 నవంబరు 13న అన్నపూర్ణ స్టూడియోలో ‘మనం’ చిత్రానికి వేసిన సెట్టు దగ్ధమైనది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు. చలనచిత్ర రంగానికి నిప్పు భయం కొత్తది కాదు. తొలినాటి నైట్రేట్ ఫిలిం ఇట్టే అంటుకొనేది. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రేక్షకుల భద్రతకు తగిన ఏర్పాట్లు లేనిదే ప్రదర్శనకు లైసెన్సు ఇవ్వరాదన్నది. సినిమా చూచేవారి కొరకు శతాబ్దం క్రిందటనే యోచించిన మనము, వారు ఇంటికి పోయి నిద్రించే వేళను గురించి అంతగా యోచించలేదు. అగ్నిమాపక అనుమతి నిబంధనలు ముఖ్యంగా ఎత్తయిన నివాస భవనాలకే వర్తిస్తాయి. ఫిలిం నగర్ కొండవాలున కిక్కిరిసిన చిన్న ఇళ్లు ఆ లెక్కలోనికి రావు. పెద్ద బంగళాల సంగతి వేరు కాదు. గేటు వద్ద దొంగకు కాపలా వుండును గాని, పడకగదిలో పొగకు కాపలా అరుదు.

ఆ కాపలాదారు పుట్టుక చిత్రమైనది. 1930ల చివర స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ యేగర్ విషవాయువును కనిపెట్టే సాధనం కొరకు శ్రమించి విఫలుడైనాడు. నిరాశతో సిగరెట్టు వెలిగించగా, ఆ పొగకు మీటరు ముల్లు కదిలినది! 1965లో అమెరికాలో డ్యూయేన్ పియర్సాల్, స్టాన్లీ పీటర్సన్ దానిని బ్యాటరీతో నడిచే గృహోపకరణంగా మలచారు. 1970లలో అది సామాన్యుల ఇళ్లకు చేరినది. ఒక రకంలో రవ్వంత అమెరీషియం గాలిలో స్వల్ప విద్యుత్తును ప్రవహింపజేయును. పొగ చేరగానే అది తగ్గి గంట మ్రోగును. మరొక రకంలో పొగ రేణువులపై పడిన వెలుగు చెదరి గ్రాహకాన్ని తాకును. పని చేసే అలారం వున్న అమెరికన్ ఇళ్లలో అగ్నిప్రమాద మరణాల రేటు, లేని ఇళ్లతో పోల్చితే సగం కంటే తక్కువ.

మన ఇళ్లలో పోపు ఘాటు, సాంబ్రాణి ధూపం, లోబాన్ పొగ నిత్యకృత్యాలు కదా, అది ఊరకే మ్రోగదా అని కొందరందురు. వంటగదికి, ధూపం వేసే చోటికి దూరంగా, పడకగదుల ముందు కప్పుకు బిగించినచో ఆ బాధ చాలావరకు తీరును. నెలకొకమారు మీట నొక్కి పరీక్షించుట, బ్యాటరీ మార్చుట మాత్రం మరువరాదు. మూగవాడైన కాపలాదారు లేనివానితో సమానము. అలారం మంటను ఆర్పదు. బయటపడుటకు కొన్ని నిమిషాలు ఇచ్చును. ఆ నిమిషాలు ఫలించుటకు మెట్లదారిలో సామాను పేర్చకుండుట మన వంతు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ప్రయోగశాల, గ్రంథాలయాలలో ముందుగా వీటిని అమర్చండి. విద్యార్థి మిత్రులారా, ఇక్కడ దాని పని చూచి, ఇంటికి పోయి అమ్మకు, నాన్నకు చెప్పండి. చట్టం మన గడప వరకు వచ్చునంతవరకు వేచియుండుట వివేకము కాదు.