కోడి కునుకుతోందా..?

చౌడేపల్లె చుట్టుపక్కల ఇంటి కోడికి లెక్క వేరు. బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చాలన్నా, అల్లుడొస్తే రాగి సంగటిలోకి పులుసు పెట్టాలన్నా, బడికెళ్లే పిల్లకు నోటు పుస్తకాలు కొనాలన్నా ముందుగా చెయ్యి వెళ్లేది పెరట్లో కోళ్ల గంప కిందికే. పాల డబ్బుకు పెత్తనం ఎవరిదైనా కావచ్చు గానీ, చాలా ఇళ్లలో కోడి డబ్బు మాత్రం ఇల్లాలిదే. పొద్దున గంప ఎత్తగానే ఒక పెట్ట రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని మూలన కునుకుతూ కనిపిస్తే ఆమెకు ఆ పూట సంగటి సరిగ్గా దిగదు.

పశువైద్యశాలలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ‘ఎప్పట్నుంచి ఇట్లుంది అవ్వా?’ అని. వచ్చే జవాబూ దాదాపు ఒక్కటే... ‘నిన్న బాగానే ఉండె నాయనా, మేత కూడా తినె!’

అవ్వ అబద్ధమేమీ చెప్పడం లేదు. అబద్ధమాడింది కోడే! నీరసించిన కోడిని మిగతావి పొడిచి తరుముతాయి. అందుకని ఓపిక ఉన్నంతవరకూ అది జబ్బును దాచుకుంటుంది. బయటపడేసరికి రోగం సగం దారి దాటేసి ఉంటుంది. కాబట్టి చూడాల్సింది కునికే రోజున కాదు, రోజూ గంప ఎత్తే ఆ రెండు నిమిషాల్లో. గంప కింద రెట్ట ఏ రంగులో ఉంది? మెడ కింద మేత నిలిచే సంచి ఖాళీ అయిందా? (రాత్రంతా అరిగి, తెల్లారేసరికి మెత్తగా, ఖాళీగా ఉండాలి.) తురాయి ఎర్రగా ఉందా, పాలిపోయిందా, నీలం తిరిగిందా? చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగులుతోందా?

రెట్ట ఆకుపచ్చగా, తెల్లగా నీళ్లలా పడుతూ, కోడి నోరు తెరిచి గుర్రుగుర్రుమంటూ ఊపిరి తీస్తూ, ఒకటి రెండు రోజుల్లో మెడ మెలితిరిగిపోతే అనుమానించాల్సింది కొక్కెర తెగులునే. డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు. హిమాలయాల్లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో 1927లో ఈ రోగాన్ని గుర్తించడంతో ఆ ఊరి పేరు దీనికి అంటుకుంది. అంతకు ఏడాది ముందే ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో కనిపించింది కాబట్టి మిగతా ప్రపంచం న్యూకాజిల్ వ్యాధి అంటుంది. పేరేదైనా ఇది వైరస్. దీన్ని నయం చేసే మందు లేదు. మందుల షాపులో మనుషుల టెట్రాసైక్లిన్ గొట్టం తెచ్చి, విప్పి, అన్నంలో కలిపి పెడితే వైరస్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఉల్లిపాయ, మిరియాలు నూరి గొంతులో పోయడం ఇంకా ప్రమాదం. అసలే ఊపిరాడని కోడి, ఆ రసం గాలిగొట్టంలోకి పోతే అక్కడే ప్రాణం విడుస్తుంది.

అయితే కునికే ప్రతి కోడికీ కొక్కెరే అనుకోనక్కర్లేదు. వానాకాలంలో నెల, నెలన్నర వయసు పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సీడియా. డాక్టరు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం నీళ్లలో కలిపి తాగిస్తే చాలావరకు నిలబడతాయి, కింద తడి లేకుండా చూస్తే. తురాయి మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులు కడితే మశూచి. దోమలు మోసుకొస్తాయి. నోట్లోకి పాకకపోతే దానంతటదే మానుతుంది. బాగా తింటూనే బరువు తగ్గితే కడుపులో పురుగులు. తురాయి పాలిపోయిందంటే గంప సందుల్లో, గోడ పగుళ్లలో రాత్రిపూట రక్తం పీల్చే గోమార్లు ఉన్నాయేమో వెతకాలి. పగలు కోడి ఒంటి మీద వెతికితే అవి సాధారణంగా దొరకవు. గుడ్డు అడ్డం పడిన పెట్ట తోక ఆడిస్తూ ముక్కుతుంది. దాన్ని పావుగంట సేపు గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెడితే కొన్నిసార్లు గుడ్డు దిగుతుంది.

ఏ రోగమో తేలేలోగా చేయాల్సింది ఒక్కటే. దాన్ని వేరే గంప కింద, మిగతావాటికి దూరంగా వెచ్చగా ఉంచడం. కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు ముందు పెట్టి, దానంతట అది తాగనివ్వాలి. బాగున్న కోళ్లకు మేత, నీళ్లు పెట్టాకే జబ్బుదాని దగ్గరికి పోవాలి. తర్వాత చేతులు కడుక్కోవాలి.

అసలు నష్టం జరిగేది ఇక్కడ కాదు. ‘ఎట్లా చచ్చేదే కదా’ అని ఆ కోడిని సంతకు పట్టుకుపోతారు చూడండి, అక్కడ! మొక్కు కోసమని పక్క ఊరాయన దాన్ని కొని, నాలుగు రోజులు తన కోళ్లతో పాటే కట్టేస్తాడు. వారం తిరిగేసరికి ఆయన గంపలు ఖాళీ. ఇంట్లోనే కోసి, ఈకలు, పేగులు దిబ్బలో పారేసినా అంతే. మిగతా పని కుక్కలు, కాకులు చూసుకుంటాయి. చచ్చిన కోడిని లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చడమే పద్ధతి. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే అసలు ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పాలి. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో తొలిసారి తేలిన బర్డ్ ఫ్లూ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లోనూ బయటపడింది. చూపులకు కొక్కెర, బర్డ్ ఫ్లూ ఒకేలా ఉంటాయి. తేల్చేది ప్రయోగశాలే.

కొక్కెరకు మందు లేదు గానీ టీకా ఉంది. పిల్లకు వారం లోపు లసోటా చుక్క కంట్లో, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ సూది రెక్క కింద. దానికి వారం ముందు పురుగుల మందు. ఖరీదైనదీ కాదు. మరి ఎందుకు వేయించరు? చిక్కంతా సీసాలో ఉంది. ఒక్కో సీసాలో వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువ కోళ్లకో సరిపడా మందు ఉంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లున్న అవ్వ వంద కోళ్ల సీసాను ఏం చేసుకుంటుంది? ఫారం వాళ్ల కోసం చేసిన సీసా అది. పెరటి కోడి ఎవరికీ గుర్తుకు రాలేదు!

ఉన్న దారి, వీధి వీధంతా ఒకే రోజుకు కుదుర్చుకోవడం. పదిహేను ఇళ్లు కలిస్తే వంద కోళ్లు తేలిగ్గా అవుతాయి. పశువైద్యశాలలో ముందే చెప్పి పెట్టుకుని, ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో సీసా తెచ్చుకోవాలి. జబ్బు కోళ్లను పక్కన పెట్టి, బాగున్న వాటికే వేయించాలి. ఇక వేళంటారా... తెల్లారాక గంపలెత్తేస్తే పెట్టలు కంచెల్లోకి, పుంజులు చెట్ల మీదికి పోతాయి. తెల్లవారుజామునే, గంపలెత్తక ముందు సూది పని మొదలుపెట్టడం మేలు.