ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి

మా పిల్లలకు చదువు మీద ధ్యాస లేదట. అడిగితే పలకరట, చెయ్యెత్తరట, వెనక బెంచీలో గోడకానుకొని కూర్చుంటరట. టీచర్ల గదుల్లో ఏండ్లకేండ్లుగా ఛాయ్ తాగుతూ చెప్పుకునే మాటే ఇది. ఇప్పుడేమో సెమినార్లు పెట్టి, పిల్లవాడి మనసు కుదుటపడితేనే చదువులో కలుస్తడని చెప్తున్నరు. సంతోషం. ఆ మనసును చెదరగొట్టిందెవరో మాత్రం చెప్పరు. నేను చెప్త.

శాలిబండ పక్క గల్లీలో మా బడి. నాకు లెక్కలంటే పాణం. మా నాయిన డప్పు కొట్టిన పెండ్లిళ్లెన్ని, ఎవరు ఎంత బాకీ, అన్నీ నా నోటిమీదనే ఉండేటివి. ఆరో తరగతిలో ముందు బెంచీ నాది. ఒకనాడు స్కాలర్‌షిప్ ఫారాలొచ్చినయి. "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అన్నడు సారు. ఏడుగురం లేచినం. వేలుతో లెక్కపెట్టిండు. తప్పొచ్చిందని మళ్లీ లెక్కపెట్టిండు. అంతసేపూ తరగతంతా మమ్ముల్నే చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు నా పక్కనోడు మా ఇద్దరి మధ్యల సంచి పెట్టిండు. నేను వెనక బెంచీకి పోయిన. బోర్డు మీది లెక్క సారు కంటె ముందే తేల్చేటోణ్ణి, చెయ్యి మాత్రం లేవలేదు. లేస్తే మళ్లీ అందరు చూస్తరు కద! ఆ ఏడుగురిలో ఇద్దరు దసరా సెలవులకు పోయి గాజుల కార్ఖానాల కుదిరిండ్రు. వాళ్లకు శ్రద్ధ లేదని తేల్చేసిండ్రు.

మా నాయిన మంట మీద కాపకుండ డప్పు కొట్టడు. చల్లటి డప్పును బాది, మోగలేదని తోలును తిట్టినట్టుంది ఈ పంతుళ్ల వరుస.

అంబేద్కర్ చిన్నప్పుడు ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద ఓ మూలకు కూర్చొని చదివిండు. కష్టపడితే పైకి రావచ్చని ఆయన్నే చూపించి మాకు ఉపన్యాసాలిస్తరు. ఆ గోనెపట్ట వేయించినోళ్ల ఊసెత్తరు. ఇదే పట్నంలో, మూసీ అవతల ఇసామియా బజార్‌లో 1910లో భాగ్యరెడ్డివర్మ మన పిల్లల కోసం బడి పెట్టిండు. అసొంటి బడులు 26 దాక పెరిగినయి. ధ్యాస లేని పిల్లలతోటేనా అన్ని బడులు నడిచినయి?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టుడునే కాదు, పిల్లల మనసును హింసపెట్టుడును కూడ నిషేధించింది. బెత్తం పడితే వాతలు చూపిస్తం. నిలబెట్టినదానికి ఏం చూపియ్యాలె? విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీ బస్తీ బడికి పోయి ఆ ఫారాలు ఎట్ల నింపుతున్నరో అడగండి. అడ్మిషన్ రిజిస్టర్ల మా కులం మొదటి రోజే రాసుకున్నరు కద సారూ, మళ్లీ పిల్లల్ని ఎందుకు లేపుతున్నరు?