రాసింది రేపు తెరుచుకుంటుందా?

ఇంటర్నెట్ అవసరం లేకుండా, ఇంట్లో కంప్యూటర్ మీద తీరిగ్గా వ్యాసం రాసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఈమధ్య ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. నేను చదివింది బీకాం. ముప్పై ఏళ్ళకి పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు, ఓచర్లు చూసి రిటైరయ్యాను. కంప్యూటర్ నిపుణుణ్ణి కాదు. అయితే చెప్పిన మాట నమ్మకుండా ఓచరు అడగడం నాకు అలవాటు. వీటినీ అలాగే చూశాను.

ముందు ఒక అనుభవం చెబుతాను. మా సంఘంలో ఒక పెద్దాయన, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన ఊళ్ళు తిరిగి, ఎవరికి ఏ జబ్బు ఉందో, ఎవరు ఏమన్నారో తేదీలతో సహా రాసిపెట్టారు. ఆయన పోయాక వాళ్ళబ్బాయి ఒక సీడీ తెచ్చిచ్చాడు. తెరిస్తే తెలుగు లేదు. గజిబిజిగా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆయన టైపు చేసింది యూనికోడ్ కాని పాత ఫాంటులో. అలాంటి ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు కోడ్లే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. కన్వర్టర్‌తో కొంత రాబట్టాం. ఒత్తులు, దీర్ఘాలు తారుమారైన చోట ఊరి పేరేమిటో తేల్చలేకపోయాం. ఏ ఊరో తెలియని సాక్ష్యాన్ని రేపు ఎవరి ముందు పెట్టగలం?

అందుకే మూడు పరీక్షలు పెట్టుకున్నాను.

1. ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో కూడా ఫైలు చదవగలగాలి.

2. తెలుగు చెక్కుచెదరకూడదు. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో 'వే' ముందు కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. అది పోతే వకారం ఒత్తుగా మారి ముందు అక్షరానికి అతుక్కుంటుంది. నేను ఈ మాటతోనే పరీక్షించాను.

3. కాపీ చేసి వేరేచోట పెడితే అదనపు చెత్త వెంట రాకూడదు.

విండోస్ లైవ్ రైటర్ 2007లో వచ్చింది. బొమ్మలు పెట్టడానికి, ప్రచురించాక ఎలా కనిపిస్తుందో ముందే చూసుకోవడానికి అంత సుఖమైనది నాకు మరొకటి దొరకలేదు. 2012 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ దాన్ని ఇవ్వడం మానేసింది. 2015 డిసెంబరులోనే సోర్స్ కోడ్ బయటపెట్టారు కాబట్టి 'ఓపెన్ లైవ్ రైటర్' మిగిలింది. కానీ డ్రాఫ్టుని తన సొంత ఫార్మాట్‌లో దాస్తుంది. మొదటి పరీక్షలోనే తప్పింది.

వర్డ్ మొదటి రెండూ గట్టెక్కింది. మూడోదాంట్లో, నాలుగు వాక్యాలు కాపీ చేస్తే ఫాంటు, సైజు, రంగు కోడ్లు బండెడు వెంటపడి వచ్చాయి.

లిబ్రె ఆఫీస్ రైటర్ ఉచితం. అది వాడే ఓడీటీ ఫార్మాట్ 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. ఆ ఫైలుని వర్డ్ కూడా తెరుస్తుంది. చెత్త మాత్రం కొంత ఇక్కడా ఉంది.

ఇక అందరూ చిన్నచూపు చూసే నోట్‌ప్యాడ్. బోల్డు లేకుండా, బొమ్మలు లేకుండా రాసుకుంటే మూడూ పాసైంది. ఒక్క జాగ్రత్త: పాత విండోస్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ బెడద లేదు.

నా సలహా ఇది. అసలు రాత నోట్‌ప్యాడ్‌లో రాయండి. అలంకారాలు కావాలంటే చివర్లో వేరేచోట చేసుకోండి. మూలప్రతి మాత్రం మామూలు టెక్స్ట్‌గానే ఉంచి, పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు పెట్టుకోండి.

"పెద్ద కంపెనీది, ఎక్కడికి పోతుంది? అందరూ అదే వాడుతున్నారు కదా" అన్నారు ఒక మిత్రులు. లక్షలమంది వెళ్తున్నారు కాబట్టి బాబాకి మహిమలున్నాయన్నా ఇదే వాదన. అక్కడ ఒప్పుకోనిది ఇక్కడెలా ఒప్పుకుంటాం? "నెట్‌లోనే రాసేస్తే పోయే బాధ లేదు" అన్నారు ఇంకొకరు. ఆ పాస్‌వర్డు మీ ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా?

ఆడిట్‌లో నగదు నిల్వ ఎంతని క్యాషియర్‌ని అడిగి ఊరుకోరు, పెట్టె తెరిపించి లెక్కపెడతారు. మీరూ ఈ ఆదివారం మీ పాత ఫైలు ఒకటి పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే సరిచేసుకోవడానికి ఇప్పుడైతే మీరున్నారు. మా పెద్దాయన విషయంలో మాకు ఆ అవకాశం లేకపోయింది.