మిషను కూత

మొన్న అటకమీద పాత పెట్టెలో ‘డాన్స్ మాస్టర్’ క్యాసెట్టు దొరికింది. 1986లో వచ్చిన తమిళ ‘పున్నగై మన్నన్’కు తెలుగు డబ్బింగు, ఇళయరాజాగారు కంప్యూటరుతో స్వరాలు పలికించిన సినిమా.

ఆనాడు మా నాయన, “బాలు గొంతును జానకమ్మ మెచ్చిన గూడూర్రా ఇది! ఈ మిషను కూతేందిరా?” అని కసిరేవాడు. తలుపేసుకుని వినేవాణ్ణి.

మళ్ళీ విన్నాను. యంత్రసంగీతం సంగీతమే కాదంటే నేనొప్పుకోను, మిత్రులారా! దరువు యంత్రానిదైనా బాణీ మనిషిదే. అయితే, పెళ్ళిళ్ళలో వయొలిన్ వాయించే మా వీధి మాస్టారి సంగతి అప్పుడు నాకు తట్టనేలేదు. పాటకచేరీల్లోకి ఒక్క కీబోర్డు వచ్చేసరికి ఆయనకు పిలుపులు ఆగిపోయినాయి.

పాట బాగుందనే అంటాను, ఇప్పటికీ. ఆయన్నొకసారి పలకరించి ఉండాల్సింది.