చేతిలో అమృతం, సింకులో బోళ్లు

మన ఇళ్లల్లో ఆడవాళ్లకు జీతం లేదు గానీ బిరుదులకు కొదవ లేదు. అన్నపూర్ణ, గృహలక్ష్మి, ఇంటికి దీపం, చేతిలో అమృతం ఉన్న మనిషి. ఇన్ని బిరుదులు పుచ్చుకున్న మనిషే రాత్రి పదిన్నరకు సింకు ముందర నిలబడి బోళ్లు తోముతుంటుంది. ‘పొగిడితే పోయేదేముంది, ఖర్చులేని పనే కదా’ అంటారు. ఖర్చు లేనిది పొగిడేవాళ్లకు. పుచ్చుకునేవాళ్లకు అంత ఖరీదైన మాట ఇంకోటి లేదని నా వాదన.

సంక్రాంతి దగ్గర పడిందంటే మా సిద్దిపేటలో ఏ వాడకు పోయినా నువ్వులు, వాము కలిపిన సకినాల పిండే. ‘వదినా, నీ అంత సన్నగ ఎవ్వరు చుట్టరు’ అంటారు. నేను డిగ్రీలో తెలుగు చదివినదాన్ని, వాక్యంలో పైకి కనబడని ముక్కను వెతకడం అలవాటైపోయింది. ఇక్కడ కనబడని ముక్క ‘అందుకని మాకు కూడ నువ్వే చుట్టియ్యి’. ‘అమ్మా, నీ పప్పుచారు ముందర హోటళ్లన్నీ దండుగ’ అంటాడు కొడుకు. కనబడని ముక్క ‘అందుకని ఈ ఆదివారం కూడ నీకు సెలవు లేదు’. అలంకారాల పాఠంలో వ్యాజస్తుతి అని చదువుకున్నాం, గుర్తుందా? పైకి తిట్టినట్టుంటుంది, లోపల పొగడ్త. లేదంటే పైకి పొగడ్త, లోపల తిట్టు. మన ఇళ్లల్లో మూడో రకం ఒకటి నడుస్తున్నది. పైకి పొగడ్త, లోపల పని.

నవ్విస్తూ రాసిన మన పెద్దలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే దాన్ని పెంచి తిరగరాశారు. అందులో గిరీశం ఉన్నాడే, వయసులో ఉన్నవాడు, నోటినిండా పొగడ్త, క్షణానికో కల్పన. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి శిష్యుడు వెంకటేశం వెంట వాళ్ల ఊరికి పోయి, పరీక్ష తప్పిన ఆ పిల్లవాణ్ణి గొప్ప చదువరి అని తల్లి వెంకమ్మను నమ్మిస్తాడు. గురుశిష్యులిద్దరూ బడిపిల్లల ఇంగ్లిష్ పద్యాల ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటే, అదే ఇంగ్లిష్ సంభాషణ అనుకుని ఆమె మురిసిపోతుంది. మనమంతా పగలబడి నవ్వుతాం.

ఆ నవ్వు దగ్గరే నాకు పేచీ ఉంది. వెంకమ్మ భర్త అగ్నిహోత్రావధాన్లు మాటకు ముందు మండిపడే మనిషి. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నవయసులోనే విధవ అయి ఇంట్లో ఉంది. చిన్నపిల్ల సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెడతానంటాడు. వెంకమ్మ ఏడ్చి మొత్తుకున్నా ఆమె మాటకు ఆ ఇంట్లో విలువ లేదు. అలాంటి ఇంట్లో ఆమెతో మర్యాదగా రెండు మాటలు మాట్లాడింది గిరీశం. ఆకలితో ఉన్న మనిషి పాచిపోయిన అన్నం తిన్నదని నవ్వుతామా, తాజా అన్నం పెట్టని ఇంటిని అడుగుతామా? పైగా ఆ అవధాన్లు మాత్రం తక్కువ తిన్నాడా? కోర్టు కాగితాల పనిలో సాయపడతానని గిరీశం ఆశ పెట్టగానే, అంత నిప్పులాంటి మనిషీ చల్లబడ్డాడు. అయినా ‘ఆడవాళ్లు పొగడ్తకు పడిపోతారు’ అన్న మాట మన నెత్తినే మిగిలింది.

అదే నాటకంలో పొగడ్తకు పడనిది ఒకతి ఉంది, మధురవాణి. తీయగా మాట్లాడటమే ఆమె వృత్తి, కాబట్టి ఆ సరుకు ధర ఆమెకు తెలుసు. కల్పన ఆమె కూడా చేస్తుంది, మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు దగ్గరకు పోతుంది. కరటక శాస్త్రి కూడా మేనకోడలు సుబ్బిని కాపాడటానికి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆ ముసలాయనకే పెళ్లి చేస్తాడు. గిరీశం కల్పన తను తప్పించుకోవడానికి, వీళ్లది ఇంకొకరిని తప్పించడానికి. చివరికి బుచ్చమ్మను పూనాలో వితంతువుల ఆశ్రమానికి చదువుకోవడానికి పంపిస్తారు. గిరీశం ఆమెకు చెప్పిన తీపి కబుర్లన్నీ ఒకెత్తు, ఆ చదువొక్కటీ ఒకెత్తు.

1910లో గురజాడే రాసిన ‘దిద్దుబాటు’ కథ కూడా చూడండి. రాత్రిళ్లు సానివాళ్ల పాట వినడానికి పోయే చదువుకున్న భర్త. కమలిని అలిగి కూర్చోలేదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంది. ఆయన గుండె జారింది, భార్య విలువ అప్పుడు గుర్తొచ్చింది. ఆమె అడిగింది మెచ్చుకోలు కాదు, ఆ పోకడ మానమని.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. కమలిని ఒక్క రాత్రి మాయమై తన విలువ తెలియజేసింది. మన లెక్క కోర్టుల్లో ఎక్కువగా తేలేది ప్రమాదంలో మనం పోయాకనే. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో పోయిన దంపతుల పిల్లలకు పరిహారం గురించిన కేసు అది. గృహిణి ఏ పనీ చెయ్యదనుకోవడం తప్పని, ఆమె పనికి ఆదాయం లెక్కగట్టాలని జస్టిస్ ఎన్.వి. రమణ గారు విడిగా రాశారు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే అంకెలు అందులో ఉన్నాయి. జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. మధ్యలో ఉన్నది 202 నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. ఆ తేడాను మన ఇళ్లల్లో దేనితో పూడుస్తున్నారో ఇప్పుడు అర్థమైంది కదా. ‘నీ చేతిలో అమృతం ఉంది’ అన్న మాటకు రెండు సెకన్లు చాలు.

వయసును పొగిడే పొగడ్త ఇంకో తంతు. చీరల దుకాణంలో ‘మేడమ్, మీరూ మీ పాపా అక్కాచెల్లెళ్ల లెక్కున్నారు’ అంటాడు. సబ్బుల ప్రకటనలు ఎన్నో ఏళ్లుగా అదే పాట పాడుతున్నాయి. నలభై దాటడం ఒక తప్పు, ఆ తప్పు మీ ముఖం మీద కనబడలేదు పొండి అని క్షమించడమన్నమాట! ఇంటి బడ్జెట్టు, అత్తమామల మందులు, పిల్లల పరీక్షలు ఒక్క చేత్తో నడిపే తెలివి ఈ వయసుకే వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల లెక్క కనబడమని దాన్ని దాచుకోవాలా?

‘అయితే ఇంట్లో ఒక మంచి మాట కూడా వద్దంటావా అక్కా?’ అంటారు. వద్దని ఎందుకంటాను? మెప్పు వేరు, పొగడ్త వేరు. మెప్పుకు పని తెలిసి ఉండాలి. ‘ఇయ్యాల చారుల చింతపండు జర తక్కువైంది, పోపు మాత్రం మంచిగ కుదిరింది’ అన్నవాడు మనసు పెట్టి తిన్నాడు. వాడి మాట నాకు కావాలి. ‘అమృతం’ అని ఫోన్లో నుంచి తల ఎత్తకుండా అన్నవాడి మాట నాకెందుకు?

నా అసలు బాధ మన కొడుకుల గురించి. కంచం కూడా తియ్యకుండా ‘నువ్వు సూపర్ అమ్మా’ అని జారుకున్న పిల్లగాణ్ణి చూసి ‘ఎంత చలాకీ’ అని మనమే మురుస్తాం. గిరీశాలు ఎక్కడి నుంచో ఊడిపడరు, ఇట్లా మన వంటింటి గడపలోనే తయారవుతారు. ఈ రోజు మన దగ్గర చెల్లిన నాణెమే రేపు పెళ్లాం దగ్గర చెల్లిస్తాడు. ఆ పిల్ల కూడా ఎవరో ఒక తల్లి కూతురే.

కాబట్టి కోపం వద్దు, అలకా వద్దు. ‘నీ అంత మంచిగ ఎవ్వరు చెయ్యరు’ అని ఎవరైనా అంటే నవ్వుతూ ‘రా, నేర్పిస్తా’ అనండి. నిజంగా మెచ్చినవాళ్లు చేతులు కడుక్కుని పక్కన నిలబడతారు. పొగిడినవాళ్లకు అప్పుడే ఏదో పని గుర్తొస్తుంది.