పాత వెండి రూపాయికి విలువ కట్టేదెలా?

పెద్దవారు కన్నుమూసిన తరువాత పెట్టె తెరిచి చూస్తే, అడుగున గుడ్డలో ముడివేసిన వెండి రూపాయలు బయటపడటం మన కుటుంబాలలో అరుదైన విషయమేమీ కాదు. పంపకం వేళకు వారసులు వాటిని లెక్కపెట్టి వాటాల ప్రకారం తీసుకుంటారు. లేదంటే అన్నిటినీ కలిపి కాటాలో వేయించి వెండి ధర కట్టించుకుంటారు. రెండూ న్యాయమైన పద్ధతులుగానే కనిపిస్తాయి. కాని ఒకే ముద్ర, ఒకే సంవత్సరం ఉన్న రెండు రూపాయలకు నాణేల సేకర్తలు ఇచ్చే ధరలలో ఎన్నో రెట్ల తేడా ఉండవచ్చు. ఆ తేడా నాణెం స్థితిని బట్టి వస్తుంది. కనుక స్థితిని నిర్ణయించిన తరువాతే పంచుకోవాలని మేము భావిస్తున్నాము. లేకుంటే ఎవరూ కోరుకోకుండానే ఒక సోదరికి తక్కువ, ఒక సోదరునికి ఎక్కువ ముట్టవచ్చు.

నిజాం సంస్థానపు హాలీ సిక్కానే తీసుకుందాం. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి 11.18 గ్రాములు తూగుతుంది. అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. బ్రిటిష్ రూపాయి ఒక తులం, అంటే 11.66 గ్రాములు; అందులో వెండి 1939 వరకు వెయ్యికి 917 పాళ్లు. ఆ రోజులలో ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు మారకం. వెండి పాళ్లను లెక్కవేసి చూసినా ఇంచుమించు అదే తేలుతుంది. చార్మినార్ ద్వారం నడుమ ‘మీమ్’ అక్షరం ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. నాణెంపై కనిపించే 92 అంకెను కొందరు సంవత్సరమని పొరబడతారు. అబ్జద్ లెక్క ప్రకారం అది ‘ముహమ్మద్’ (స) అనే నామంలోని అక్షరాల మొత్తం. సంవత్సరం హిజ్రీలో వేరుగా ఉంటుంది.

ఇక స్థితి సంగతి. నాణేన్ని అంచులతో పట్టుకుని ఒకే దీపం కింద మెల్లగా వంచి తిప్పండి. చేతులు మారని నాణెంపై కాంతి బండిచక్రం ఆకుల వలె తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం అంచులవైపు సాగినప్పుడు ఏర్పడే అతి సన్నని గీతలే ఈ మెరుపుకు మూలం. వాడకంలో మొదట అరిగేవి ఎత్తైన భాగాలు. విక్టోరియా రూపాయిలో జుట్టు, దుస్తుల అల్లిక, ఐదవ జార్జి రూపాయిలో కిరీటం, మీసం, చెవి చూడాలి. చార్మినార్ రూపాయిలో కమానుల గీతలు, అక్షరాల మీది నునుపు చూడాలి. అయితే మసకగా ఉన్నదంతా అరుగుదల కాదు. అచ్చు సరిగా పడకపోయినా బొమ్మ మసకబారుతుంది. అప్పుడు ఆ చోట మెరుపు మిగిలే ఉంటుంది. అరిగిన చోటనైతే మెరుపు పోయి వెండి బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ ఒక్క భేదం గుర్తించగలిగితే పరీక్షలో సగం పని పూర్తయినట్లే.

వర్తకులు వాడే శ్రేణుల పేర్లు కొత్తవారిని తికమక పెడతాయి. వారి భాషలో ‘గుడ్’ అంటే బాగా అరిగి, రూపురేఖలు మాత్రమే మిగిలిన నాణెం! దానిపైన వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, చివరకు వాడకమే ఎరుగని అన్‌సర్క్యులేటెడ్. 1949లో విలియం షెల్డన్ అమెరికా రాగి నాణేల కోసం రూపొందించిన 1 నుంచి 70 వరకు గల కొలమానం నేడు వెండి నాణేలకూ వర్తిస్తున్నది. అందులో 60, ఆపైన ఉన్నవి అరుగుదల లేనివి.

శ్రేణిని దిగజార్చే పని చాలా ఇళ్లలో ప్రేమతోనే జరుగుతుంది. నల్లబడిన రూపాయిని చింతపండుతోనో, బూడిదతోనో తోమి తళతళలాడించి అతిథులకు చూపిస్తారు. గాలిలోని గంధకం వల్ల వెండిపై ఏర్పడిన ఆ పొర సమంగా ఉంటే సేకర్తలు దానిని ఇష్టపడతారు. తోమితే పడే సన్నని గీతలను మాత్రం ఎవరూ మాన్పలేరు. కాబట్టి తోమకండి. రబ్బరు బ్యాండు చుట్టి ఉంచినా వెండి నల్లబడుతుంది. మెత్తని పీవీసీ సంచులలో ఏళ్ల తరబడి ఉంచితే ఆకుపచ్చని జిగురు పడుతుంది.

హారాలకు, దుస్తులకు కుట్టేందుకు కొక్కెం అతికించిన గుర్తు, పూడ్చిన రంధ్రం, సాహుకారులు వెండిని పరీక్షించేందుకు కొట్టిన చిన్న ముద్ర ఉన్నాయేమో అంచు చుట్టూ చూడండి. వీటిలో దేనిని దాచి అమ్మినా కొనేవారిని మోసగించినట్లే. బరువు బాగా తగ్గినా, అయస్కాంతానికి అంటుకున్నా అది నకిలీ కావచ్చు.

1911 నాటి ఐదవ జార్జి రూపాయి కనిపిస్తే ప్రత్యేకంగా తీసి ఉంచండి. చక్రవర్తి వస్త్రంపై గొలుసులోని చిన్న ఏనుగు పందిలా కనిపిస్తున్నదని ముస్లింలు అభ్యంతరం చెప్పగా ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కు తీసుకున్నది. 1912లో బొమ్మను సరిదిద్దింది. విడుదలైన వాటిలో మిగిలినవి తక్కువ కనుక, ఒక మోస్తరు స్థితిలో ఉన్నా వాటికి మంచి ధర పలుకుతుంది.

గల్ఫ్‌లో ఉన్న వారసునికి అతని వాటా నాణేలను పంపదలచినవారు ముందు ఒక విషయం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దానిని వ్యక్తులు దేశం దాటించడం నేరం. హాలీ రూపాయిపై ఉన్నది హిజ్రీ సంవత్సరం కనుక లెక్క జాగ్రత్తగా చూడాలి. హిజ్రీ నూరేళ్లు అంటే క్రీస్తుశకపు లెక్కలో సుమారు 97 ఏళ్లే. అటువంటి నాణేలను ఇక్కడే ఉంచి, ఆ వారసునికి వాటి ధరను పంపడం మేలు.